బోదకాలు - గోదావరిసీమ బిడ్డ పరిశోధన

గోదావరి మండలములలో బోదకాలు అను మాట విననివారుండరు. బరువెక్కిన కాలితో చేనికి పోలేక, నలుగురిలోనికి రాలేక దినములు గడపిన అభాగ్యులను చూచి, మనవారు పూర్వజన్మ కర్మమనియు, నీటి దోషమనియు చెప్పుకొనుచు వచ్చిరి. ఈ వ్యాధి గుట్టును బయలుపరచిన ప్రయోగములను, అందు మన సీమవానికి గల భాగమును పాఠకులకు తెలుపుట మా విధి.

1877లో చైనాలోని ఆమొయ్ రేవుపట్టణమున ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు, రక్తమున సూక్ష్మక్రిములు గల తన తోటమాలిని దోమలచే కుట్టించి, పిదప ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. మనుష్యుని రక్తములోని క్రిమి దోమ శరీరమున పెరుగుచుండుట కనబడెను. అయితే దోమలు పడి చచ్చిన నీటిని త్రాగుటవలన రోగము సంక్రమించునని ఆయన పొరబడెను. 1900లో జార్జి కార్మైకేల్ లో అను పరిశోధకుడు దోమ తొండముననే క్రిములను చూపగా, కాటువలననే అవి మనలో ప్రవేశించునని తేలెను. కావున మన పెద్దల మాట కొంత నిజమే. దోషము నీటిదే; త్రాగునీటిది కాదు, క్యూలెక్సు దోమకు పురిటిల్లయిన పెరటి మురుగుది.

కారణము తెలిసినను మంచి మందు దొరకుటకు దాదాపు అర్ధశతాబ్దము పట్టెను. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో వెలువడిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పిదప అమెరికా చేరిరి. ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాలలోనే డైఇథైల్‌కార్బమజీన్ అను ఔషధము పుట్టెను. పత్తియెలుకలలోని ఇట్టి క్రిములపై దానిని పరీక్షించి, పిదప ప్యూర్టోరికోలో రోగులకిచ్చి, 1947లో ఫలితములను ప్రకటించిరి. రక్తములోని సూక్ష్మక్రిములు క్షీణించెను. మరుసటి యేటనే సుబ్బారావుగారు అచ్చటనే పరమపదించిరి.

ఈ మందు ముదిరిన వాపును తీయజాలదు. దాని ముఖ్యప్రయోజనము రక్తములోని క్రిములను నశింపజేసి, దోమకు అవి చిక్కకుండ చేయుట. వాపు లేక ఆరోగ్యవంతునివలె తిరుగువాని రక్తమునను క్రిములుండవచ్చును. మన ప్రాంతపు క్రిమి రాత్రివేళ రక్తములో సంచరించును గనుకనే పరీక్షకులు చీకటిపడిన పిమ్మట ఇంటికి వత్తురు. 2004లో దేశమున ఆరంభమైన సామూహిక ఔషధసేవన కార్యక్రమమున, రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రరోగులకు తప్ప తక్కినవారందరికిని మాత్రలనిచ్చుటకును ఇదియే కారణము.

'నాకేమి జబ్బు?' అని ఆ మాత్రను గూటిలో పెట్టువారు తమ బిడ్డలకే అపకారము చేయుచున్నారు. గూటిలోని మాత్ర క్రిమిని చంపదు. సుబ్బారావుగారి పేరు తలచి గర్వించుట సులభము. మాత్ర ఇచ్చినపుడు మ్రింగి, ఇంటిచుట్టు మురుగు నిలువకుండ చూచి, రాత్రి రక్తపరీక్షకు వచ్చినవారికి తలుపు తీయుటయే ఆయనకు మన సీమ తీర్చవలసిన ఋణము.