సమానురాలుగా నొక యేడు

“పెండ్లి కావలసిన పిల్లను దేశముకాని దేశమునకు, పరులయింట పిల్లల నెత్తుకొనుటకు పంపుదురా?” అని రెండేండ్ల క్రిందట మా పెద్దలందఱును మా యక్కను నిలదీసిరి. ఆమె కుమార్తె ‘ఓ పేర్’ అను పద్ధతిపై జర్మనీకి పోదలచినది. నేనును నాడు పెద్దల పక్షముననే యుంటిని. అమ్మాయి యేడాది గడిపి తిరిగివచ్చిన పిదప నా యభిప్రాయము కొంత మారినది. ఆ సంగతి సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

‘ఓ పేర్’ ఫ్రెంచి మాట. సరిసమానముగా నని దాని భావము. ఒక కుటుంబము పరదేశపు యువతీయువకులలో నొకరిని తమ యింట నుంచుకొని భోజనమును, ప్రత్యేకముగా నొక గదిని, చేతిఖర్చును ఇచ్చును. వచ్చినవారు పిల్లలను చూచుకొనుచు, చిన్న చిన్న యింటిపనులలో సాయపడుచు, ఆ దేశభాషను నేర్చుకొందురు. 1969 నవంబరు 24వ తేదీన స్ట్రాస్‌బర్గు నగరమున కుదిరిన యైరోపా యొడంబడికలో, భాషాతరగతులకు పోవుటకు వీరికి తగినంత తీరిక నీయవలెనని స్పష్టముగా వ్రాయబడినది.

జర్మనీలో నియమము లింకను వివరముగా నున్నవి. దినమునకు 6 గంటలకును, వారమునకు 30 గంటలకును మించి పని చెప్పరాదు. వారమునకు ఒకటిన్నర దినము సెలవు. నెలకు 280 యూరోలు చేతిఖర్చు, భాషాతరగతికై మఱి 70 యూరోలు, ఆరోగ్యపు బీమా కుటుంబమే భరింపవలెను. పోవువారికి 18 ఏండ్లు నిండి, దరఖాస్తునాటికి 27 నిండకుండవలెను. జర్మను భాషలో మొదటిమెట్టు, అనగా ‘ఏ1’, ముందే తెలిసియుండవలెను. మా పిల్ల దానిని హైదరాబాదులోని గ్యోతె జెంట్రుమున నేర్చినది.

అక్కడ పురజనులకై నడుపు సాయంకాలపు పాఠశాలలో, మంగళ గురువారములందు, ఆమెకు తరగతి. ఒకనాడు టెలిఫోనులో, “పిన్నీ, వీరి భాషలో ఆడపిల్ల యను మాట నపుంసకలింగమట!” అని నవ్వినది. “సంస్కృతమున భార్య యను నర్థముగల కళత్రశబ్దము నపుంసకము కాదా? దారశబ్దము పుంలింగము, అందును నిత్యబహువచనము. వారినే యేల నవ్వవలెను?” అంటిని. ఆ భాషలో ఉపవాక్యమునందు క్రియ చివరకు పోవును. తోటివారు దానికి తడబడుచుండగా, మన తెలుగు వాక్యమును తలచుకొని తాను సులభముగా పట్టుకొంటినని చెప్పినది.

మూడవ నెలలో చిక్కు వచ్చినది. ఇంటి యిల్లాలికి కార్యాలయమున పని పెరిగినది. “ఈ ఒక్క మంగళవారము ఇంట నుండుము” అనుచు మూడు వారములు తరగతి మాన్పించినది. ఒకరి యన్నము తినుచు పెద్దవారికి కాదని యెట్లు చెప్పుటయని పిల్ల రాత్రివేళ నాతో చెప్పి కన్నీరు పెట్టుకొన్నది. నేనేమంటిని? “సర్దుకొమ్ము తల్లీ” అంటిని. మన యాడపిల్లలకు మనము తఱచుగా చెప్పు మాట యదియే కదా!

తరగతిలోని యుపాధ్యాయిని అట్లనలేదు. చెప్పదలచినదానిని వ్రాయించి, దిద్ది, పదిసార్లు పలికించినది. మఱునాడు భోజనపు బల్లయొద్ద మా పిల్ల, “మంగళ గురువారములు నాకు తరగతి యున్నది కనుక ఆ సాయంకాలములు నేను ఇంట నుండజాలను” అని జర్మనులో చెప్పినది. ఇల్లాలు కొంచెముసేపు మాటాడలేదు. పిమ్మట, పిల్ల వాక్యములోని లింగదోష మొకటి దిద్ది, గోడమీది పంచాంగమున ఆ రెండు దినములను ఎఱ్ఱసిరాతో గుర్తుపెట్టినది. మఱి తరగతి తప్పలేదు. ఏడాది చివర ‘బీ1’ పరీక్షయు గడిచినది.

అందఱికిని ఇట్లు జరుగునని చెప్పజాలను. ఆమె తోటి విద్యార్థిని యొకతె తెల్లవారినది మొదలు రాత్రివఱకు చాకిరి చేసి, తుదకు కుటుంబమునే మార్చుకొనవలసి వచ్చినది. కనుక పిల్లలను పంపు తల్లులు తరగతి దినములను ఒప్పందపత్రమున ముందే వ్రాయింపవలెను. పాస్‌పోర్టు పిల్లయొద్దనే యుండవలెను. రాకపోకల ఖర్చు సాధారణముగా మనదే. తిరుగుప్రయాణపు సొమ్మును తాకక దాచవలెను.

నియమము కాగితముపై నున్నను, దానిని అడుగుటకు భాష కావలెనని ఆ పిల్లవలన నేర్చితిని. మా యింట పనిచేయు యువతికి అక్షరములు రావు. ఆమెను ఎన్నడైనను కూర్చుండబెట్టితినా యని నన్ను నేనే ప్రశ్నించుకొంటిని. ఇప్పుడు సాయంకాలము 5 గంటలకు ఆమె పలకపట్టును. ఆ గంటసేపు అంట్లు అట్లే యుండును.