బిడ్డల భరణం: ఒక ఆదేశముతో దారి మూసుకుపోదు

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరి చేతిసంచిలోనుండి మడతలు పడిన కాగితం తీసి నా చేతికిచ్చింది. ఆమె ఇద్దరు పిల్లలకు ఫ్యామిలీ కోర్టు మంజూరు చేసిన భరణపు ఆదేశమది. "అయ్యగారూ, ఈ డబ్బు బడి ఫీజుకే చాలదు. జడ్జిగారు చెప్పాక ఇంక చేసేదేముంది?" అని కంటతడి పెట్టింది. భర్తకు పట్నంలో సొంత దుకాణమున్నది. కోర్టులో మాత్రం కూలి పని అని చెప్పాడట. ఆదేశము వచ్చి అప్పటికే డెబ్బై రోజులు.

ప్రియ పాఠకులారా, ఇటువంటి తల్లులు మన సంఘములలో ఉన్నారు. వారికి తెలియవలసిన సంగతులు కొన్ని చెబుతాను.

భార్యాబిడ్డల భరణానికి ఏ మతస్థులైనా ఆశ్రయించగల చట్టం ఒకటున్నది. పూర్వం అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షను. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను అయింది. దీని క్రింద ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన తుది ఆదేశముపై అప్పీలు లేదు. అయితే హైకోర్టులో రివిజన్ పిటిషన్ వేయవచ్చు. దానికి గడువు 90 రోజులు. ధృవీకరించిన నకలు కోసం కోర్టులో పట్టిన రోజులు ఆ లెక్కలోనికి రావు. విడాకుల కేసులో భాగముగా ఇచ్చిన తీర్పు సంగతి వేరు. దానిపై అప్పీలే చేయాలి. ఫ్యామిలీ కోర్టుల చట్టము దానికి 30 రోజులే ఇచ్చింది.

హైకోర్టు సాక్షులను మళ్లీ మొదటినుండి విచారించదు. క్రింది కోర్టు ఆదేశము చట్టప్రకారం సరిగా ఉన్నదా అని రికార్డు తెప్పించి చూస్తుంది. కనుక "డబ్బు చాలదు" అని ఏడిస్తే చాలదు, పొరపాటు ఎక్కడున్నదో చూపాలి. భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తి, ఆదాయ, అప్పుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలనీ, భరణం దరఖాస్తు పెట్టిన తేదీనుండే ఇప్పించాలనీ సుప్రీంకోర్టు 2020 నవంబరులో చెప్పింది. ఈ సహోదరి కేసులో భర్త ఆ అఫిడవిట్ ఇవ్వనేలేదు! అదే ఆమెకు ఆధారమైంది.

తండ్రి రివిజన్ వేసినా, హైకోర్టు స్టే ఇవ్వనంతవరకు డబ్బు కట్టవలసిందే. బకాయి పడితే ఏడాదిలోగా వసూలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. తరువాత పిల్లల ఖర్చు పెరిగితే, ఆదేశమిచ్చిన కోర్టునే మొత్తం పెంచమని అడగవచ్చు.

లాయరుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు న్యాయ సహాయం ఉచితం. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

మరునాడే ఆ సహోదరి అక్కడికి వెళ్లింది. గడువులోగా పిటిషన్ దాఖలైంది. తీర్పు ఇంకా రాలేదు. కాని ఆ పిల్లల పక్షమున అడిగేవారు ఇప్పుడున్నారు. మీ ఇరుగుపొరుగున అటువంటి తల్లి ఉంటే, ఆమె చేతిలోని కాగితం మీద తేదీ ముందు చూడండి.