మిల్లు గేటు లోపల రైతుకు ఎవరు దిక్కు?

(మా గ్రామీణ విలేకరి)

దాళ్వా కోతలు మొదలైతే తణుకు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైసుమిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరటం మామూలే. ట్రాక్టరు వెంట రైతు వెళతాడు, ఆయన వెంట కొడుకో బావమరిదో. మధ్యాహ్నానికి క్యారేజీ పట్టుకుని ఇల్లాలు వస్తుంది, చంకన పిల్లతో సహా. తవుడు కోసం పాడిరైతు, ఊక కోసం ఇటుకబట్టీ లారీ, గ్లాసుల బుట్టతో టీ కుర్రాడు సరేసరి. వీరెవరూ మిల్లు పనివారు కారు. హాజరు పుస్తకంలో వీరి పేర్లుండవు. అయినా పొద్దస్తమానం మిల్లు ఆవరణలోనే తిరుగుతుంటారు.

ఏ బెల్టు ఎటు తిరుగుతుందో, ఎలివేటరు గొయ్యి ఎక్కడున్నదో ముఠా కూలీకి తెలుసు. కొత్తగా లోపలికి వచ్చినవాడికి తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

నున్నటి షాఫ్టు వేగంగా తిరుగుతుంటే కదలనట్టే కనిపిస్తుంది. కండువా కొసో చీర చెంగో దానికి చుట్టుకుంటే మనిషి తేరుకునే లోపే లాక్కుపోతుంది. పెద్ద మిల్లులలో యంత్రాలకు రేకు మూతలుంటున్నాయి గాని, పల్లెల్లోని పాత హాలరు మిల్లులలో బెల్టులు ఇప్పటికీ బాహాటంగానే తిరుగుతున్నవి. వాటి పక్కనే ఆడవాళ్లు బియ్యం కోసం చేటలతో కూర్చుంటారు.

ధాన్యం పోసే తొట్టి సంగతి చాలామందికి తెలియదు. కింద నుంచి ధాన్యం లాగుతున్నపుడు పైన నిలబడితే కాళ్లు దిగబడతాయి. నడుము దాకా దిగినవాడిని చేతులు పట్టి లాగినా రాడు. ముందు మోటారు ఆపాలి, తరువాతే తాడు. పైన ఇనుప ఊచల జల్లెడ బిగించి ఉంటే ఆ అవసరమే రాదు.

ఊక బూడిద మరీ మోసకారి. బాయిలరు దగ్గర నుంచి తెచ్చి పోసిన బూడిద గుట్ట పైకి చల్లగా, తెల్లగా కనిపిస్తుంది. లోపల మాత్రం నిప్పు రోజుల తరబడి ఆరదు. ఆడుకుంటూ కాలు పెట్టిన పిల్లవాడు మోకాలి దాకా కాలిపోతాడు. ఈ బూడిదను మిల్లు లోపలే కాదు, రోడ్డు పక్కన కూడా పోస్తున్నారు. అక్కడ గేటు కూడా ఉండదు.

రాత్రి వేళ దించుడు ఆలస్యమైతే రైతులు లారీ నీడన గోనె పరుచుకుని పడుకుంటారు. తెల్లవారుజామున డ్రైవరు వచ్చి బండి కదిలించేటపుడు కిందికి వంగి చూస్తాడన్న నమ్మకం లేదు.

కదిలే యంత్ర భాగాలకు కంచె తప్పనిసరి అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. దాని స్థానంలో 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. రైతులు గుర్తుంచుకోవలసిన మాట ఒకటి అందులో ఉన్నది. యజమానికి తెలిసి వచ్చినా, తెలియక వచ్చినా ఆవరణలో ఉన్న ఇతరుల భద్రతకు కూడా ఆయనే బాధ్యుడు. అయితే కరెంటుతో నడిచే చోట వెనుక పదిమంది పనివారుంటే ఫ్యాక్టరీగా లెక్క; ఇప్పుడు ఇరవై మంది ఉండాలి. పదిమంది కూడా లేని చిన్న మిల్లు మామూలుగా ఆ కోడ్ కిందికే రాదు. ఊళ్లలోని మిల్లులు చాలావరకు ఇలాంటివే. పైగా పనివాడు గాయపడితే నష్టపరిహారానికి 1923 నుంచీ చట్టం ఉన్నది గాని, ధాన్యం తెచ్చిన రైతు దాని కిందికి రాడు. ఆయన సివిల్ కోర్టు మెట్లు ఎక్కవలసిందే.

అలాగని అందరినీ గేటు బయటే ఆపేస్తే సరిపోతుందా అంటే, రైతు ఒప్పుకోడు. ఒప్పుకోకపోవటం న్యాయమే. తేమ 17 శాతం దాటిందంటూ తరుగు తీసే చోట, తన బస్తా తన కళ్లముందు కాటా ఎక్కాలని ఆయన కోరుకుంటాడు. ప్రమాదం పేరు చెప్పి రైతును కాటా దగ్గరికి రానివ్వకపోతే అనుమానం పెరుగుతుంది. కాటా, తేమ మిషను గేటు పక్కనే పెడితే ఈ తగవు ఉండదు. రైతు అక్కడ నిలబడి చూసుకోవచ్చు, యంత్రాల వైపు వెళ్లే పని పడదు.

మిగిలినవి పెద్ద ఖర్చులు కావు. నేల మీద సున్నపు గీత గీసి, అది దాటవద్దని గుమస్తా నోటితో చెప్పాలి. బోర్డు చదవలేనివారు ఇంకా ఉన్నారు. మోటారు వేసే ముందు గంట కొట్టాలి. యంత్రం శుభ్రం చేసేటపుడు మెయిన్ స్విచ్ పెట్టె తాళంచెవి లోపల చెయ్యి పెట్టినవాడి జేబులోనే ఉండాలి. గేటు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, వచ్చినవారి పేరు, ఊరు, వెళ్లిన వేళ రాయాలి. మంటలు లేచిన రాత్రి లోపల ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు ఆ పుస్తకం తప్ప జవాబు చెప్పేది లేదు. ‘ఒక్క నిమిషం బాబాయ్, ఇట్టే వస్తా’ అని లోపలికి దూరేవాడి పేరు కూడా అందులో పడాలి.

పంచాయతీ పరిధిలో మర బిగించాలంటే గ్రామ పంచాయతీ అనుమతి ఉండాలి. బెల్టులకు జాలీ, తొట్టికి ఊచలు, బూడిద పోసే చోటికి కంచె ఉన్నాయా అని ఆ అనుమతి వేళే సర్పంచి, వార్డు సభ్యులు అడగవచ్చు. ఇప్పటికే నడుస్తున్న మిల్లుల సంగతి వచ్చే గ్రామసభలో ఎత్తవచ్చు. సార్వా ధాన్యం రావటానికి ఇంకా వ్యవధి ఉన్నది.