48 గంటల్లో పుట్టిన ఆటను తూచడం ఎలా?

ఆడేవారు కథలోని ఒక పాత్రను తమదిగా చేసుకుని, ఊళ్ళు తిరుగుతూ, ఎదురైనవారితో మాట్లాడుతూ, పోరాటాలతోనూ నిర్ణయాలతోనూ ఆ పాత్ర శక్తిని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ సాగే వీడియో గేమ్‌ను రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల పేరిట వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట దీనికి మూలం కాగా, 1986లో జపాన్‌లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ దీనిని ఇళ్ళలోని టీవీల ముందుకు తెచ్చింది. పాత్ర ఎదగడానికీ, దాని మీద ఆడేవారికి మమకారం కలగడానికీ వ్యవధి కావాలి కనుక ఈ కోవలో పేరున్న ఆటలు పదుల గంటలు సాగుతాయి, వాటి తయారీకి పెద్ద బృందాలకు సైతం ఏళ్ళు పడుతుంది. అలాంటి ఆటను ఔత్సాహికులు రెండు రోజుల్లోనో వారంలోనో తయారుచేసినప్పుడు, పావుగంటలో ముగిసిపోయే ఆ ఆటను ఏ కొలతతో కొలవాలన్నది తేలికగా తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు.

గడువు పెట్టుకుని ఆటలు తయారుచేసే ఇలాంటి వేడుకలకు గేమ్ జామ్‌లని పేరు. 2002లో మొదలైన లుడుమ్ డేర్‌లో అంశం ఏమిటన్నది గడియారం కదిలే క్షణానికి గానీ తెలియదు. కాంపో అనే కఠినమైన విభాగంలో ఒక్కరే 48 గంటల్లో బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామ్ అన్నీ సొంతంగా పూర్తిచేయాలి, బృందాలకైతే 72 గంటల విభాగం వేరుగా ఉంటుంది. 2005 నుంచి నడుస్తున్న సెవెన్ డే రోగ్‌లైక్ అనే పోటీ 168 గంటలు ఇస్తుంది. ఆడిన ప్రతిసారీ కొత్తగా అమరే నేలమాళిగల్లో తిరుగుతూ, పాత్ర చనిపోతే మొదటికి రావలసిన ఆటలను రోగ్‌లైక్‌లంటారు. ప్రోగ్రామింగ్ అంతగా రానివారికి సైతం సిద్ధంగా ఉన్న పటాలు, బొమ్మలు, పోరాట పద్ధతులతో పని జరిపించే ఆర్‌పీజీ మేకర్ వంటి సాఫ్ట్‌వేర్ ఉండటంతో, మదనపల్లె దగ్గర అంగళ్ళులో ఇంజనీరింగ్ చదివే విద్యార్థి హాస్టల్ గది నుంచే ఇలాంటి వేడుకల్లో పాల్గొనవచ్చు.

గడువులో పుట్టిన రచనను తూచడం తెలుగువారికి కొత్త విద్య కాదు. అవధానంలో పృచ్ఛకుడు సమస్య ఇచ్చినప్పుడు, అవధాని చెప్పిన పద్యానికి ప్రబంధ కవిత్వపు గాఢత లేదని సభలో ఎవరూ తప్పుపట్టరు, అయితే యతి తప్పినా గణం చెడినా క్షమించరు. గేమ్ జామ్ ఆటకూ ఇదే న్యాయం వర్తించాలి: విస్తృతిలో, అలంకారంలో లోటును మన్నించవచ్చు గానీ ఆట నడకలో లోటును మన్నించకూడదు. మొదలుపెట్టినవారు చివరిదాకా చేరగలగడం, చేసిన ఎంపికకు ఫలితం కనిపించడం, ఓడినప్పుడు ఎందుకు ఓడామో అర్థం కావడం అనే మూడూ ఈ కోవలోని ఆటకు ఛందస్సు వంటివి.

బి.కొత్తకోట విద్యార్థి ఒకరు ‘ఒకే అవకాశం’ అన్న అంశం మీద ఆట తయారుచేస్తున్నట్టు అనుకుందాం. తెల్లవారుజామున టమాటా క్రేట్లతో మదనపల్లె మార్కెట్ యార్డుకు బయలుదేరిన రైతు కూతురే కథానాయిక. తోట, దారి, యార్డు అనేవి మూడే చోట్లు. కత్తీ డాలూ ఉండవు, కాయ తాజాదనం, బేరమాడే నేర్పు, మండీ వ్యాపారితో ఉన్న నమ్మకం అనేవే పాత్ర శక్తులు, వేలమే పోరాటం. దారిలో ఆగి తోటి రైతుతో మాట్లాడితే ఆనాటి ధర తెలుస్తుంది, అయితే ఎండ ఎక్కుతుంది. యార్డు చేరేసరికి వ్యాపారి “ఏం పాపా, కాయ మెత్తబడిండాదే” అని క్రేటులో చెయ్యి పెట్టి చూస్తాడు. ఆ ఒక్క మాటతో దారిలో తీసుకున్న నిర్ణయం తన ధరను చూపిస్తుంది. 2023 జులైలో టమాటా ధర ఆకాశానికి ఎగసినప్పుడూ, ఆ తర్వాత పడిపోయినప్పుడూ ఈ ప్రాంతపు రైతు అనుభవించిన ఊగిసలాట పది నిమిషాల ఆటలో ఇమిడిపోగలదు.

అదే విద్యార్థి హార్సిలీ హిల్స్, పుంగనూరు, కుప్పం అన్నీ పటంలో పెట్టి, ఇరవై మంది పాత్రలను నిలబెట్టి, ఏ తలుపు తీసినా ఖాళీ గదే కనిపించేలా వదిలేసి ఉంటే పటం పెద్దదైనా ఆట చిన్నదే అవుతుంది. ఏమేమి పెట్టారన్నదాని కంటే ఏమేమి వద్దనుకున్నారన్నది గడువు ఆటలో ముఖ్యమైన ప్రతిభ. సెవెన్ డే రోగ్‌లైక్ ఆటలను సమీక్షించేవారు వినోదం, కొత్తదనాలతో పాటు సంపూర్ణతకు విడిగా మార్కులు వేసేది ఇందుకే. పాత్రను బలపరచడానికి అవే చిన్న పోరాటాలను పదేపదే చేయించడాన్ని గ్రైండింగ్ అంటారు. పెద్ద ఆటల్లో కొంత వరకు చెల్లే ఈ పద్ధతి పావుగంట ఆటలో సగం సమయాన్ని మింగేస్తుంది కనుక దానిని తప్పుగానే లెక్కించాలి.

తెలుగులో ఇలాంటి ఆటను చూసేవారు ముందుగా అక్షరాలను చూడాలి. రోల్ ప్లేయింగ్ గేమ్‌లో సగం ఆట సంభాషణే. కానీ ఇంగ్లీషు, జపనీస్ లిపులను దృష్టిలో పెట్టుకుని రూపొందిన కొన్ని సాఫ్ట్‌వేర్‌లు సంభాషణను ఒక్కొక్క అక్షరంగా తెరమీద గీస్తాయి కనుక తెలుగులో వత్తులు, గుణింతాలు విడిపోతాయి, ‘క్షేత్రం’ అన్న మాట ముక్కలై కనిపిస్తుంది. 2023లో విడుదలైన గోడో 4 వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి లిపులను కలిపి చూపగలుగుతోంది. వత్తులు చెదిరిన ఆటకు కథ ఎంత బాగున్నా ఆడేవారి మనసు నిలవదు, కనుక మార్కులు తగ్గించక తప్పదు. అయితే తయారుచేసినవారు తెలుగు మానేసి ఇంగ్లీషుకు పారిపోకుండా, మాటలను ముందే బొమ్మలుగా గీసి పెట్టుకుని గట్టెక్కితే, ఆ ఉపాయాన్ని సమీక్షకుడు గుర్తించి పేరు పెట్టి మెచ్చుకోవాలి.

లుడుమ్ డేర్‌లో పోటీదారులే ఒకరి ఆటలను ఒకరు ఆడి, వినోదం, కొత్తదనం, అంశానికి తగినతనం, బొమ్మలు, ధ్వని, హాస్యం, వాతావరణం అనే విభాగాల్లో విడివిడిగా, మొత్తం మీద మరొకటిగా అంకెలు ఇస్తారు. ఒకే అంకె ఇస్తే బొమ్మలు గీయడం రానివాడి చక్కని ఆలోచన కనుమరుగవుతుంది గనుక ఈ విభజన న్యాయమైనది.

2012 ఆగస్టులో ‘పరిణామం’ అన్న అంశంతో జరిగిన 24వ లుడుమ్ డేర్‌లో ఫ్రాన్స్‌కు చెందిన నికోలా కనాస్ తయారుచేసిన ఎవోలాండ్ ఈ చర్చకు సరైన ఉదాహరణ. అందులో మొదట పాత్ర ఒకే దిక్కుకు నడవగలదు. ఒక్కొక్క పెట్టె తెరిచిన కొద్దీ మిగిలిన దిక్కులు, రంగులు, శబ్దం, చివరికి లోతున్న త్రిమితీయ దృశ్యం వచ్చి చేరుతూ, రోల్ ప్లేయింగ్ గేమ్‌ల చరిత్ర అంతా కళ్ళముందు నడుస్తుంది. ఆ ఆట మొదటి స్థానం గెలిచింది. 2013లో దానినే కొన్ని గంటల ఆటగా పెంచి అమ్మకానికి పెట్టినప్పుడు, ఆలోచన ముచ్చటగా ఉన్నా పోరాటాలు, కథ పలచగా ఉన్నాయని పలువురు విమర్శకులు అన్నారు. రెండు తీర్పులూ సరైనవే: మొదటిది రెండు రోజుల గడువుకు ఇచ్చినది, రెండవది డబ్బు పెట్టి కొన్న ఆటకు ఇచ్చినది. గడువు ముగిశాక లోపాలు దిద్ది మళ్ళీ పెట్టిన ప్రతిని జామ్ ప్రతితో కలిపి చూడకుండా, దేనికి దానికి వేరే సమీక్ష రాయడం తయారుచేసినవారికీ ఆడేవారికీ మేలు.