నల్ల ఇసుకనుండి తెల్ల రంగు

భీమునిపట్టణపు సముద్రతీరమున నడచువారు ఇసుకపై అక్కడక్కడ నల్లని చారలను చూచియుందురు. అలలు తేలిక ఇసుకను కొట్టుకొనిపోగా బరువైన రేణువులు వెనుక నిలిచిపోవుటచే ఆ చారలు ఏర్పడును. అందలి ముఖ్యమైన ఖనిజములలో ఇల్మనైటు ఒకటి. ఇట్టి ఇసుక శ్రీకాకుళపు తీరమునను, ఒడిషాలోని ఛత్రపురము వద్దను, కేరళలోని చవర వద్దను కూడ కలదు. గోడల రంగులకును, కాగితమునకును, ప్లాస్టిక్కు వస్తువులకును తెలుపు నిచ్చు టైటానియము డయాక్సైడు అను పొడిని ఈ నల్లని ఖనిజమునుండి తీయుదురనిన మన విద్యార్థులకు వింతగా తోచవచ్చును. ఆ నలుపు ఎట్లు పోవును? తెలుపు ఎట్లు వచ్చును? దీనినే ఈ వ్యాసమున వివరింతును.

1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమయందు విలియం గ్రెగర్ అను పాదిరి తన ప్రాంతపు వాగులోని నల్ల ఇసుకను పరీక్షించి, అందు క్రొత్త లోహము కలదని కనుగొనెను. 1795లో క్లాప్రోత్ అను జర్మను రసాయనజ్ఞుడు దానికి టైటానియము అని పేరిడెను. అయినను ఈ లోహపు తెల్లపొడిని వర్తకమునకై తయారుచేయుట 1916లో గాని నార్వేయందును, అమెరికాలోని నయాగరా వద్దను ఆరంభము కాలేదు. అంతవరకు తెల్లరంగునకు సీసపు సఫేదాను విరివిగా వాడుచుండిరి. అది విషము; గంధకపు వాయువు సోకినచో నల్లబడును కూడ. క్రొత్త పొడికి ఈ రెండు దోషములును లేవు.

ఈ పొడి తన మీద పడిన వెలుతురును మ్రింగక నలుదిక్కులకు వెదజల్లును గనుకనే తెల్లగా కనబడును. కాని ఇనుము, క్రోమియము, వనాడియము మొదలైనవి దాని స్ఫటికములలో చేరినచో నీలికాంతిని కొంత మ్రింగివేయును; అప్పుడు పొడి పసుపువన్నెకు దిగును. క్రోమియము పదిలక్షల పాళ్లలో కొద్ది పాళ్లు మాత్రమే యున్నను నిపుణుని కంటికి తెలియును. ఇక ఖనిజము మాట చూడుడు. 152 పాళ్ల శుద్ధమైన ఇల్మనైటులో 80 పాళ్లు తెల్లపొడి కాగా, 72 పాళ్లు ఇనుప భస్మమే. ఇంత ఇనుమును తొలగించి, తుదకు లేశమాత్రమైనను మిగులనీయక పోవుటయే కర్మాగారమువారి పని.

మాలిన్యములు రెండు విధములు. వాననీటి బిందెలో ఇండుపగింజను అరగదీసి కలిపినచో బురద అడుగునకు దిగును. కాని నీటిలో కరిగిన ఉప్పు దిగదు. అట్లే ఖనిజమును మెత్తగా నూరి గాఢమైన గంధకికామ్లముతో ఉడికించి, గట్టిపడిన ముద్దను నీటితో కరిగించినప్పుడు, కరగని ఇసుకయు మడ్డియు పేరుకొనునట్లు చేసి వడియగట్టుట సులభము. కరిగిన ఇనుముతోనే చిక్కు.

ఆ చిక్కును తెలిసికొనుటకు మన ప్రయోగశాలలో ఒక చిన్న పరీక్ష చాలును. అన్నభేదిని నీటిలో కరిగించుడు. లేత ఆకుపచ్చని ద్రవము వచ్చును. దానిని గాలి తగులునట్లు కొన్ని దినములుంచినచో గోధుమవర్ణమునకు మారి, తుప్పువంటి మడ్డి దిగును. మొదటిది ఫెర్రసు ఇనుము. రెండవది ఫెర్రికు ఇనుము. మొదటిది పులుసునీటిలో కరిగి యుండుటకు ఒప్పుకొనును. రెండవది టైటానియము ముద్ద గట్టిపడునపుడు దానిని అంటుకొని వెంటవచ్చును.

కావున కర్మాగారమువారు ద్రవములో పాత తుక్కు ఇనుమును వేయుదురు. ఇనుమును తొలగించుటకు ఇనుమునే వేయుట విపరీతముగా తోచినను, ఆ తుక్కు ఫెర్రికును ఫెర్రసుగా మార్చును. అంతటితో ఆగక, టైటానియములో కొద్ది భాగము ఊదావర్ణపు రూపమునకు దిగువరకు ఈ పని సాగింతురు. ఆ ఊదాభాగము కావలివానివంటిది. గాలి తగిలినప్పుడు ముందుగా తానే మారి, ఇనుమును ఫెర్రికు కానీయదు. పిమ్మట ద్రవమును చల్లార్పగా ఇనుములో చాలభాగము అన్నభేది స్ఫటికములై వేరుపడును. మిగిలిన ద్రవమును మరిగింపగా టైటానియము తెల్లని ముద్దగా దిగును. ఫెర్రసు ఇనుము ద్రవములోనే నిలుచును. ముద్దను మంచి నీటితో పలుమారులు కడిగి, కొంచెము ఆమ్లముతోను అల్యూమినియపు పొడితోను మరల శుద్ధిచేసి, ఇంకను కడిగి, తిరుగుడు కొలిమిలో 900 మొదలు 1000 డిగ్రీల వరకు కాల్చుదురు. కాలిన పిమ్మట మాలిన్యము స్ఫటికము లోపల చిక్కుపడును. ఎంత కడిగినను రాదు. కడుగవలసిన కాలము కొలిమికి ముందే.

తిరువనంతపురమునందు 1946లో స్థాపింపబడిన ట్రావన్‌కోర్ టైటానియము కర్మాగారము నడచినది ఈ గంధకికామ్ల పద్ధతిలోనే. చవరయందలి కర్మాగారము క్లోరిను పద్ధతిది. ఇందు ఖనిజమును కోకు బొగ్గుతో కలిపి, మండు వేడిమిలో క్లోరిను వాయువును పంపగా టైటానియము ఆవిరియై లేచును. దానిని చల్లార్పగా 136 డిగ్రీల వద్ద మరుగు ద్రవమగును. ఇనుప క్లోరైడు సుమారు 315 డిగ్రీల వద్దగాని మరుగదు గనుక స్వేదనముచే సులభముగా విడిపోవును. కాని వనాడియపు ద్రవము 127 డిగ్రీల వద్ద మరుగును. తొమ్మిది డిగ్రీల భేదముతో రెంటిని విడదీయుట కష్టము. అందుచే ఖనిజతైలము వంటి పదార్థముతో కలిపి వేడిచేసి, వనాడియమును ఆవిరికాని రూపమునకు మార్చి, అటుపిమ్మట స్వేదనము చేయుదురు. తుదకు ఆ శుద్ధద్రవమును ఆక్సిజనుతో మండించి తెల్లపొడిని పొందుదురు. వెలువడిన క్లోరినును మరల మొదటి పనికే వాడుకొందురు.

ఇంతకును తీసివేసిన మాలిన్యము ఎక్కడికి పోవును? లెక్కవేసి చూడుడు: శుద్ధ ఇల్మనైటులోని ఇనుమంతయు అన్నభేదియైనచో, 80 పాళ్ల తెల్లపొడికి 278 పాళ్ల అన్నభేది వచ్చును, అనగా దాదాపు మూడున్నర రెట్లు. వాడిన ఆమ్లము దీనికి అదనము. 1972లో ఇటలీలోని స్కార్లీనో కర్మాగారపు వ్యర్థములను ఓడలలో తీసికొనిపోయి కోర్సికా దీవికి ఉత్తరమున సముద్రములో పారబోయగా, అచ్చటి జాలరులును ప్రజలును తీవ్రముగా ఎదురు తిరిగిరి. 1978లో ఐరోపా ఆర్థిక సమాజము ఈ పరిశ్రమ వ్యర్థములకై ప్రత్యేక శాసనము చేసెను. అన్నభేదిని మురికినీటిని తేర్చుటకును, ఎర్రరంగు చేయుటకును వాడవచ్చును. ఆమ్లమును చిక్కబరచి తిరిగి ఉపయోగింపవచ్చును. దీనికి వ్యయము కలదు. అయినను మన గోడ తెల్లబడుటకై ఒక జాలరి వల ఎర్రబడరాదు గదా.

ఈ మారు సముద్రతీరమునకు పోయినపుడు గుప్పెడు నల్ల ఇసుకను చేతబట్టి చూడుడు. అందు తెలుపును ఇనుమును కలిసియే యున్నవి. వానిని విడదీయుటకు బలము కాదు, ప్రతి పదార్థపు స్వభావమును తెలిసి, తగిన సమయమున తగిన పని చేయుటయే కావలెను. తరగతిలో మీరు నేర్చు ఫెర్రసు, ఫెర్రికు అను రెండు మాటలు పరీక్షకొరకు మాత్రమే కాదని దీనివలన గ్రహింతురు.