ముక్క పరీక్షలో రంగు తెలిపే సంగతి

రొమ్ములో గడ్డ కనిపించినప్పుడు సూదితో తీసిన సన్నని కండను పరీక్షకు పంపుతారు. వాడుకలో దీనిని ముక్క పరీక్ష అంటారు. నివేదికలో క్యాన్సర్ అని తేలిన తరువాత, దాని దిగువన 'ఐ.హెచ్.సి. చేయించవలెను' అన్న సూచన సాధారణంగా ఉంటుంది. తేలిన జబ్బుకు మళ్ళీ పరీక్ష ఎందుకు, మళ్ళీ ఖర్చు ఎందుకు అని ఇంటివారు సందేహించడం సహజమే. కాని ఆ సూచనను విడిచిపెడితే ఏ మందు పనిచేస్తుందో నిర్ణయించడం కష్టమవుతుంది.

మామూలు పరీక్షలో కణజాలానికి ఊదా, గులాబీ రంగులు పట్టించి కణాల ఆకారాన్ని చూస్తారు. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే ఈ రెండవ పరీక్షలో, మిల్లీమీటరులో మూడు నాలుగు వేలవ వంతుల మందం గల పొరపై యాంటీబాడీలను వేస్తారు. ఒక్కొక్క యాంటీబాడీ తనకు తగిన ప్రొటీనునే వెతికి పట్టుకుంటుంది. అది అంటుకున్న చోట గోధుమ రంగు తేలుతుంది.

ఆకారం చూసి నిర్ణయించలేని చోట ఈ రంగే సాక్ష్యం. పాలనాళాల చుట్టూ గోడవలె ఒక కణాల వరుస ఉంటుంది. పి-63 అనే గుర్తు ఆ వరుసను చూపుతుంది. వరుస నిలిచి ఉంటే జబ్బు నాళంలోనే ఉన్నదని, లేకుంటే బయటికి పాకినదని వైద్యులు అంచనా వేస్తారు.

చికిత్సకు ముఖ్యమైనవి మూడు: ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2. మొదటి రెండూ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు. నూటికి ఒక్క క్యాన్సర్ కణ కేంద్రకమైనా రంగు పట్టితే ఇ.ఆర్. పాజిటివ్ అంటారు, 1 నుండి 10 శాతం వరకు ఉంటే 'తక్కువ' అని ప్రత్యేకంగా రాస్తారు. అట్టివారికి టామాక్సిఫెన్ వంటి హార్మోన్ చికిత్సను పరిశీలిస్తారు. హెర్-2 ఫలితం 0 నుండి 3+ వరకు ఉంటుంది. 3+ అయితే ట్రాస్టుజుమాబ్ వంటి మందులకు అవకాశం ఉంది. 2+ అన్నది ఎటూ తేలని ఫలితం. అప్పుడు ఫిష్ అనే జన్యు పరీక్ష అవసరమవుతుంది.

ఇక్కడ ఒక పొరపాటుకు తావున్నది. 'ట్రిపుల్ నెగటివ్' అన్న మాట చూసి జబ్బు లేదని సంతోషించేవారు ఉంటారు. ఆ మాటకు అర్థం ఈ మూడు గుర్తులూ లేవనే గాని, క్యాన్సర్ లేదని కాదు. అట్టి రోగికి సాధారణంగా కీమోథెరపీ ప్రధాన ఆధారం కనుక ఆలస్యం ఎంతమాత్రం తగదు.

ముక్కను భద్రపరచడంలో లోపం జరిగితే రంగును నమ్మలేము. తీసిన గంటలోపే 10 శాతం ఫార్మలిన్‌లో వేసి, 6 నుండి 72 గంటలు ఉంచాలి. నీటిలోనో సెలైన్‌లోనో వేసి బంధువుల చేతికిస్తే, ఫార్మలిన్ కావాలని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

చికిత్సకు సొంత ఊరికి వెళ్ళదలచినవారు నివేదికతో పాటు మైనపు బ్లాకును, స్లైడ్లను కూడా రసీదు ఇచ్చి తీసుకోవాలి. బ్లాకు ఉంటే మళ్ళీ ముక్క తీయకుండానే అక్కడ పరీక్ష చేయించవచ్చు. ఎండలో నిలిపిన కారులో మాత్రం దానిని ఉంచరాదు, మైనం కరుగుతుంది.