సభామందిరముల పునరుద్ధారణము

వేసవి వచ్చినదనిన ఐరాల మొదలుగాగల చిత్తూరు సీమ పల్లెలకు భారతోత్సవముల కాలము. పగలు హరికథ, రాత్రి వీథినాటకము జరుగును. అర్జునుడు తపస్సుమ్రాను నెక్కును. కడపటి దినమున మట్టితో జేసిన దుర్యోధనుడు నేలగూలును. ద్రౌపదీదేవి గుడిముందరి బయలే రంగస్థలము, ఆకాశమే పందిరి. ఇట్టి సీమను గూర్చి తలంచుచు మేము నూఱేండ్లు దాటిన పట్టణ సభామందిరముల పునరుద్ధారణమును ప్రస్తావించుట కొందఱకు వింతగా దోపవచ్చును. ఐరాలకు టౌనుహాలుతో నేమి పని యని వారడుగవచ్చును. పని యున్నదనియే మా యభిప్రాయము. ఆ మందిరముల తలుపు లెవరికొఱకు తెఱవబడుననునది పల్లె కళాకారునకును సంబంధించిన ప్రశ్న.

చెన్నపురిలో సెంట్రల్ స్టేషనునకును రిప్పన్ భవనమునకును సమీపమున ఎఱ్ఱయిటుకల మందిర మొకటి కలదు. దాని పేరు విక్టోరియా పబ్లిక్ హాలు. అది మనకు పరాయిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడు వఱకు ఈ ప్రాంతము ఉత్తరార్కాటు జిల్లాలోనిది. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరించు వఱకు మన రాజధాని చెన్నపురియే. ఆ మందిరమునకు 1883 డిసెంబరులో శంకుస్థాపన గావించినవారు విజయనగర మహారాజు ఆనందగజపతివారు. నిర్మాణకల్పన చీషోలు దొరది. కట్టినవారు నంబెరుమాళ్ సెట్టిగారు. నేలను పురపాలక సంఘము తొంబదితొమ్మిదేండ్ల గుత్తకు స్వల్పమైన బాడుగపై నిచ్చెను. ధనమును చందాదారు లిచ్చిరి. విక్టోరియా రాణి యేబదియేండ్ల పాలనోత్సవపు దినములలో దానికామె పేరు పెట్టిరి. పేరు రాణిది, పునాదిరాయి తెలుగు మహారాజుది, సొమ్ము ప్రజలది. కావున మందిరముపై మొదటి హక్కెవరిదో వేఱుగా జెప్పనక్కఱలేదు.

ఆ హక్కును ప్రజలు చక్కగా వినియోగించుకొనిరి. 1891లో బళ్ళారి నుండి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ చెన్నపురికి వచ్చి తెలుగు నాటకముల నాడెను. వానిని జూచిన పమ్మల్ సంబంధ మొదలియారుగారికి, చదువుకొన్నవారును నాటకమాడవచ్చునను ధైర్యము కలిగినది. ఆ సంవత్సరముననే సుగుణ విలాస సభ పుట్టినది. అరవ నాటకరంగమునకు నూతనశకమును దెచ్చిన సభకు ప్రేరణ మన రాయలసీమవారి మేళమనుట మనకు గర్వకారణము. సుగుణ విలాస సభ చాలకాలము ఈ మందిరమునే రంగస్థలముగా జేసికొనెను. అమెరికా నుండి తిరిగివచ్చిన వివేకానందస్వామి 1897 ఫిబ్రవరిలో నిచ్చటనే యుపన్యసించిరి. చెన్నపురి ప్రజలు కదలెడు బొమ్మలను మొట్టమొదట జూచినదియు ఈ మందిరముననే.

పిమ్మట కాలము మాఱినది. సినిమాశాలలు వచ్చినవి, క్రొత్త సభాభవనములు లేచినవి. గుత్తకాలము తీఱినంతనే యాజమాన్యమును గూర్చి వ్యాజ్యములు బయలుదేఱినవి. ప్రక్కస్థలమును హోటలును దుకాణములును ఆక్రమించినవి. చివరకు తలుపులు మూతవడినవి. 2023లో చెన్నై నగరపాలక సంఘము ముప్పది కోట్ల రూపాయలకు మించిన యంచనాతో పునరుద్ధారణమునకు గడంగినది. ఇది మెచ్చదగిన పూనిక. అయినను గోడను బాగుచేయుటతో పని ముగియదు. బాగుపడిన గోడల నడుమ నేమి జరుగవలెననునదియే అసలు ప్రశ్న.

మనుష్యసంచారము లేని యిల్లు త్వరగా శిథిలమగునని మన పెద్దలెఱుగుదురు. మూసిన మందిరమునకు శత్రువు వాననీరు. పైకప్పున నొక చిల్లు పడినచో చూచువాడుండడు. నీరు గోడలోనికి దిగును, రావిమొక్క వేరూనును, దూలము పుచ్చును. వారమున కొక సభ జరుగు చోట నట్లుగాదు. నేడు కాఱిన చినుకు రేపటికి కావలివాని కంటబడును. కావున పాతభవనమున నుత్సవములు, సభలు, నాటకములు జరిపించుట అలంకారము కాదు, అది దానికి ఔషధము.

అయితే మాత్ర మించిన ఔషధము విషమగును. సున్నముతో గట్టిన గోడ లోని తేమను మెల్లగా వెలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోననే నిలిచి యిటుకను దినివేయును. పైయంతస్తునకు కొయ్యదూలములున్నచో నెంతమంది యెక్కవచ్చునో లెక్కగట్టి వ్రాసిపెట్టవలెను. తోరణముల కొఱకు గోడకు మేకులు గొట్టరాదు. పాత విద్యుత్తు తీగలపై క్రొత్త దీపముల భారము మోపుట అగ్నిని బిలుచుటయే. వెలుపలికి బోవు దారులు, మఱుగుదొడ్లు, నడువలేనివారికి వాలుబాట, ఇవి యన్నియు తొలుతనే చేయవలసిన పనులు. అట్లని పాతదానినంతయు తళతళలాడించుటయు నావశ్యకము గాదు. లండనులో 1875లో తెఱవబడిన అలెగ్జాండ్రా పాలెస్ నాటకశాల యెనుబదియేండ్లకు పైగా మూతవడి, 2018లో మరల తెఱవబడినది. అచ్చటివారు గోడల నిలకడను మాత్రము బాగుచేసి, పూత రాలిన పైభాగము నట్లే యుంచిరి. వయస్సును దాచక గౌరవించుట యనగా నిదియే.

ఇక ధనము మాట. ఇన్ని కోట్లు వెచ్చించిన మందిరమును స్వల్పమైన బాడుగ కిచ్చినచో నిర్వహణ మెట్లు సాగునని యధికారు లడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. రాబడి లేని భవనము పదేండ్లలో మరల శిథిలమగును. కాని రాబడి యొక్కటే లక్ష్యమైనచో ఏమగునో మన పట్టణములలోని కల్యాణమండపములే చెప్పుచున్నవి. ముహూర్తములున్న దినములలో నెక్కువ సొమ్మిచ్చినవానిదే మండపము. ఉపన్యాసమునకు గాని, హరికథకు గాని, బడిపిల్లల నాటకమునకు గాని యచట చోటు చిక్కదు. ప్రజల సొమ్ముతో బాగుపడిన సభామందిరమునకును ఆ గతియే పట్టినచో, ప్రజలు తమ యింటి కప్పును బాగుచేయించి లోపలికి బోవుటకు తామే రుసుము చెల్లించినట్లగును.

రెండును పొసగు మార్గము లేకపోలేదు. వ్యాపారసంస్థల ఉత్సవములకు పూర్తి బాడుగ విధింపవచ్చును. నాటకసమాజములకు, సాహిత్యసభలకు, గ్రంథాలయములకు, పాఠశాలలకు నామమాత్రపు బాడుగపై నెలకు కొన్ని దినములు ముందుగనే కేటాయింపవలెను. ఎవరికే దినము లభించినదో ఆ పట్టిక ద్వారమువద్ద అందఱకు గానవచ్చునట్లు అతికింపవలెను. వచ్చిన రాబడి సాధారణ నిధిలో గలిసిపోక, మరమ్మతులకే వేఱుగా నిలువయుండవలెను. కళాకారులకును పౌరులకును స్థానముగల చిన్న సంఘ మొకటి యేటేట లెక్కలను ప్రకటింపవలెను. ఇవి కష్టమైన పనులు గావు. కావలసినదెల్ల సంకల్పమే.

మన యింటికి మరలుదము. చంద్రగిరి రాజమహలు మన సీమకు కిరీటము వంటిది. దామర్లవారు 1639లో ఇంగ్లీషువారికి చెన్నపట్టణపు నేల నిచ్చిననాడు వారి ప్రభువులు చంద్రగిరి రాజులు. నేడా మహలు పురావస్తుశాఖవారి రక్షణలోని ప్రదర్శనశాల. అట్టి రక్షితకట్టడమునకును పురపాలక సభామందిరమునకును భేద మున్నది. 1958 నాటి చట్టమును 2010లో సవరించిన పిదప రక్షితకట్టడమునకు నూఱు మీటర్ల లోపల క్రొత్త నిర్మాణము నిషిద్ధము. కావున మహలు లోపల విందులు జరుపుడని మేము కోరము. దూరమున నిలిచి చూచుటయే దానికి దగిన సేవ. కాని యెదుటి బయలున, అనుమతికి లోబడి, మన భారతపు మేళములకు ఏటికి కొన్ని సాయంకాలము లిచ్చుట వలన కోటకు లోపము గలుగదు. మేళమునకు గౌరవము గలుగును.

రక్షణ చట్టము వర్తింపని పాతకట్టడముల సంగతియే మాకెక్కువ ఆందోళనకరము. పాత సత్రములు, కచ్చేరీలు, బడుల సభాశాలలు నూఱేండ్ల వయస్సు గలవి యైనను ఏ పట్టికకును ఎక్కవు. వంకర బోయిన తలుపును జూచి పడగొట్టుట యొక దినపు పని. దానివంటి సున్నపు గోడను మరల గట్టుటకు నేడు తగిన మేస్త్రీ దొరకుటయే కష్టము. పడగొట్టుటకు ముందు ఒక్కసారి కొలతవేసి, ఛాయాచిత్రము దీసి, నిలుపదగునా యని నిపుణు నడుగవలెనని మండలములను పంచాయతీలను మేము ప్రార్థించుచున్నాము. నిలిచినచో అది వానకాలమున హరికథకు చావడి యగును, వేసవిలో పిల్లలకు పఠనాలయ మగును.

చెన్నపురి మందిరమున మన బళ్ళారి మేళము నాడు పాడినది. నేడు అట్టిచోట్ల ఐరాల భారతపు మేళమునకు ఒక్క సాయంకాల మైనను చోటుండవలెనని కోరుట దురాశ గాదు. చదువరులు తమ యూరి పాతకట్టడముల జాబితాను తామే వ్రాసి పంచాయతీ ముందుంచుదురు గాక. అడుగనిదే అమ్మయైనను పెట్టదు.